నిజాంపేటకు ఇనుము వచ్చిన దారి

కూకట్‌పల్లి దాటి ముంబయి రహదారిమీద మియాపూరు దెసకు సాగువారికి కుడిచేతి వైపున చీలిపోవు బాట నిజాంపేటకు చేరును. ఒక తరము క్రిందట అది రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూరు మండలములోని ఒక పల్లె. చెఱువులును, రాతిగుట్టలును, వానల కొఱకు ఎదురుచూచు పొలములును దాని ఆస్తి. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిమ్మట ఆ ప్రాంతపు జాతకమే మాఱెను. హైటెక్ సిటీలో కొలువు, నిజాంపేటలో ఇల్లు అను పద్ధతి యేర్పడి, కృష్ణా, గుంటూరు, గోదావరి సీమలనుండియు, ఉత్తరాంధ్రమునుండియు, తెలంగాణములోని అన్ని దిక్కులనుండియు వచ్చిన కుటుంబములు ఇచ్చటి అపార్ట్‌మెంట్లలో కుదురుకొనినవి. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలు కలిసి ఒక నగరపాలక సంస్థ అయినవి.

ఈ బాటవెంబడి క్రింద కూరగాయల దుకాణమో మందుల దుకాణమో, పై అంతస్తున జిమ్మో ఉన్న భవనములు పెక్కు. తెల్లవారుజామున ఆఫీసు క్యాబు రాకముందే అచ్చటికి వచ్చు స్త్రీలు కలరు. ట్రెడ్‌మిల్ మీద అరగంట నడచి చెమట తుడుచుకొని పోవు దశను దాటి, వారు నేలమీది ఇనుపరాడ్డు ముందు నిలిచి, పాదములు తుంటి వెడల్పున ఉంచి, వెన్ను వంగనీయక, ఊపిరి నిండుగా పీల్చి పొట్ట బిగించి, నలువది యేబది కిలోల బరువును మోకాళ్ళమీదుగా తొడలవఱకు ఎత్తి నిటారుగా నిలుచుచున్నారు. మెడలో నల్లపూసలు చొక్కాలోపలికి దోపి, చేతులకు సుద్దపొడి రాచుకొని, ఎత్తిన బరువును నోటుపుస్తకములోనో ఫోనులోనో వ్రాసికొని, వచ్చు వారము రెండున్నర కిలోలు పెంచవలెనని నిశ్చయించుకొను గృహిణులును, ఉద్యోగినులును, అరువది దాటిన అత్తగార్లును మన కన్నులయెదుట ఉన్నారు. ముప్పది సంవత్సరములకు పూర్వము ఇట్టి దృశ్యము తెలుగునాట ఏ నగరమునందును ఊహింపరానిది. ఇది అమెరికానుండియో, సినిమానుండియో దిగివచ్చిన వేడుక అని పలువురు తలంతురు. యంత్రములు పరదేశమునుండి వచ్చినమాట నిజమే. కాని తెలుగు స్త్రీ ఇనుముమీద చేయి వేయుటకు కావలసిన ధైర్యము మన పల్లెలలోనే పుట్టి, అచ్చటినుండియే నగరమునకు నడచి వచ్చినదని నా విశ్వాసము. ఆ దారిని ఆనవాలు పట్టుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

తెలుగు స్త్రీకి బరువు క్రొత్తది కాదు. వడ్లు దంచిన రోకలి, పిండి విసరిన తిరుగలి, చెఱువునుండి ఇంటికి నెత్తిమీద ఒకటియు చంకన ఒకటియుగా మోసిన నీళ్ళబిందెలు, కోతలకాలమున కళ్ళమునకు చేర్చిన వరిపనలు, అడవినుండి తెచ్చిన కట్టెలమోపు, ఇవన్నియు ఆమె దినచర్యయే. దేశములోని ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసిన పాలమూరు కూలీలలో సగము స్త్రీలు అనిన అతిశయోక్తి కాదు. అయినను ఆ మోతను బలమని ఎవ్వరును పొగడలేదు. పని యని మాత్రమే లెక్కించిరి. బలమునకు కావలసిన తిండియు, విశ్రాంతియు, క్రమక్రమముగా పెంచుకొను అవకాశమును లేని మోత దేహమును పెంపొందింపదు, అరగదీయును. నలువదియేండ్లకే నడుము వంగిన తల్లులను చూచి పెరిగిన తరములు, బరువు స్త్రీకి చేటు అని నమ్ముట సహజమే. ఆ చేటు బరువువలన వచ్చినది కాదనియు, అరకొర తిండితోడి ఎడతెగని చాకిరివలన వచ్చినదనియు తెలిసికొనుటకు చాలకాలము పట్టెను.

దేహమును శిక్షణతో సాధించిన స్త్రీలు మన చరిత్రలో లేకపోలేదు. కాకతీయుల ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున మైలారుదేవుని భక్తురాలగు గొరగపడుచు వెనుకకు మొగ్గవ్రాలి చేసిన సాహసవిద్య కనబడును. ఊరి మేలు కోరి జరిపెడి సంబరములలో దొమ్మరి వనితలు నిలువెత్తు గడపైకి పాకి, కొనయందు పొట్టను ఆనించి గిరగిర తిరుగుటకు చిన్ననాటినుండి నేర్చిన విద్య ఎంతటి వెన్నుబలమును, కడుపుబలమును, పట్టుబలమును కోరునో నేటి శిక్షకులు చక్కగా గుర్తింపగలరు. కాని చూచి చప్పట్లు కొట్టిన ఊరే వారిని ఊరిబయట ఉంచెను. ఆ విద్యకు మెప్పు దక్కెనేగాని మర్యాద దక్కలేదు. హైదరాబాదు సంస్థానమున రెండవ నిజామగు నిజాం అలీఖాను అంతఃపురమును కాచిన స్త్రీల సేన ఒకటి ఉండెడిది. జఫర్ పల్టన్ అను ఆ దళము తుపాకులు పట్టి కవాతు చేసి, 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధమున రణరంగమునకు పోయెను. అదే కాలపు కవయిత్రి మహ్‌లఖా బాయి చందా గుఱ్ఱపుస్వారిలోను, ఆయుధవిద్యలోను ఆఱితేరినదై నవాబు వెంట దండయాత్రలకు వెళ్ళెను. ఇట్టివారు కొందఱు కలరు; కాని వారి బలము దేవునికి మ్రొక్కుగానో, ఊరికి వినోదముగానో, దొరకు కాపుదలగానో చెల్లెను. ఇంటి ఇల్లాలు తన ఆరోగ్యము కొఱకు తన దేహమును పెంచుకొనుట అను భావమునకు ఆ కాలమున చోటు లేకపోయెను.

పురుషులకు మాత్రము ఆ చోటు తరతరములుగా ఉండెను. కోస్తాలో గరిడీశాలలు, హైదరాబాదు పాతబస్తీలో తాలీంఖానాలు, పల్లెలలో సంగిడిరాళ్ళు. వస్తాదు ఎదుట దండీలు, బస్కీలు తీసి, ఎఱ్ఱమన్ను గోదాలో కుస్తీపట్టు నేర్చి, సాము త్రిప్పి పడుచువారు ఒళ్ళు పెంచుకొనిరి. శ్రీకాకుళము ప్రాంతపు వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, వ్యాయామోపాధ్యాయుడై, పిమ్మట సర్కసు నడపి, ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొని, ఇనుపగొలుసులను తెంచి కలియుగభీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడు 1942లో కన్నుమూయునాటికి, ఉత్తరాంధ్రమున బలసాధన ఒక కులాచారమువలె పాదుకొని ఉండెను. కృష్ణాజిల్లా బిడ్డయగు దండమూడి రాజగోపాలరావు బరువులెత్తుటలో దేశమునకు ప్రాతినిధ్యము వహించి, 1963లో వచ్చిన నర్తనశాల చిత్రమున భీముడై కనబడెను. విజయవాడ ఇండోర్ స్టేడియము నేటికిని ఆయన పేరనే ఉన్నది. ఇంతటి సంప్రదాయమునందును గరిడీ గడప లోపల స్త్రీ కనబడదు. ఆంజనేయుడు బ్రహ్మచారి కనుక ఆయన కొలువున్నచోట స్త్రీ అడుగిడరాదనియు, బరువెత్తినచో గర్భసంచి జారుననియు, మగపోకడలు వచ్చి పెండ్లి కాదనియు చెప్పెడివారు. తట్టలకొలది ఇటుకలు మోయు స్త్రీకి ఈ శాస్త్రములేవియు వర్తింపకపోవుటను ఎవ్వరును ప్రశ్నింపలేదు.

ఆ గడపను దాటిన కాలము ఎంతో దూరమున లేదు. స్త్రీల కొఱకు ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు మొదటిసారి 1987లో అమెరికాలోని డేటోనా బీచి పట్టణమున జరిగెను. రెండేండ్లకు, 1989లో మాంచెస్టరు పోటీలలో మణిపురమునకు చెందిన కుంజరాణీదేవి రజతపతకములు గెలిచి భారతస్త్రీకి ఆ రంగమున పేరు తెచ్చెను. సరిగా ఆ సంవత్సరములలోనే శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలసలో, రైలుపట్టాల ప్రక్కన, ఒక పిల్ల ఇనుమును పట్టెను. 1975లో ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి తండ్రి రైల్వే రక్షకదళమున కానిస్టేబులు. ఆ ఇంట ఆడుపిల్లలే ఐదుగురు. అక్క నరసమ్మ మొదట బరువులెత్తుట నేర్చెను. పండ్రెండేండ్ల మల్లీశ్వరి వ్యాయామశాలకు వచ్చినపుడు గురువు నీలంశెట్టి అప్పన్న, బక్కపలుచని ఈ పిల్లకు బరువులేల అని తొలుత వెనుదీసెనట. తల్లి శ్యామల కూతురి పట్టుదలకు దన్నుగా నిలిచెను. ఈ చరిత్రలో ఆ తల్లి చోటు చాల పెద్దది. గరిడీలోనికి స్త్రీని రానీయని ఆచారములన్నియు ఇంటి పెద్ద స్త్రీల నోటనే ఎక్కువగా నిలిచి ఉండెడివి. ఇచ్చట ఒక తల్లి నోరు ఆ ఆచారమునకు ఎదురు పలికెను.

ఆ పిల్ల 1994లోను, 1995లోను 54 కిలోల తరగతిలో ప్రపంచవిజేత అయ్యెను; అర్జున పురస్కారమును, ఖేల్‌రత్నను, 1999లో పద్మశ్రీని పొందెను. 2000లో ఒలింపిక్సు మొదటిసారి స్త్రీల వెయిట్‌లిఫ్టింగునకు తలుపు తెఱచినది. సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో, అప్పటికి బరువు పెరిగి 69 కిలోల తరగతికి మాఱిన మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తెను. కడపటి ప్రయత్నమున 137.5 కిలోలను ఎత్తబోయి విఫలమయ్యెను. అది నిలిచినచో మొత్తము 247.5 అయి బంగారమే దక్కెడిది. ఏలయనగా గెలిచిన చైనా వనిత లిన్ వెయినింగ్ ఎత్తినది 242.5 కిలోలే. దక్కిన కంచుపతకము, ఒలింపిక్సులో భారతస్త్రీ గెలిచిన మొట్టమొదటి పతకము. ఆమె ఎంపికనే తప్పుపట్టినవారు కలరు, ఆమె దేహపు బరువును ఎగతాళి చేసినవారు కలరు; ఆ ఒక్క దినమున వారందఱకును సమాధానము లభించెను. తెలుగిండ్ల టెలివిజనులలో, చీర కట్టని, నగలు పెట్టని, నడుమునకు తోలుపట్టీ బిగించిన ఒక తెలుగుపిల్ల తన దేహమునకు రెండింతలకు చేరువైన ఇనుమును తలపైకి ఎత్తి నిలువగా ఇంటిల్లిపాదియు లేచి నిలిచి చూచిరి. అంతవఱకు స్త్రీ బలమును వేడుకగా మాత్రమే చూచిన సమాజము, దానిని సాధనగా గౌరవించుట ఆనాడు నేర్చెనని చెప్పవచ్చును.

ఆ గౌరవము ఒక్క ఇంట నిలిచిపోలేదు. విజయనగరము జిల్లా నెల్లిమర్ల చెంతనున్న కొండవెలగాడ గ్రామము వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరొందెను. వ్యవసాయము, కూలిపని జీవికగా గల ఆ ఊర ఆడుపిల్లలును మగపిల్లలతో సమముగా రాడ్డు పట్టుట నేర్చిరి. అచ్చటి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో మూడవస్థానమున నిలిచి, విజేత నిషిద్ధ ఔషధముల పరీక్షలో పట్టుబడగా రజతమునకు ఎదిగెను. ఈ పిల్లలకు పతకము రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యములోనో ఉద్యోగమునకు దారి; కావున తల్లిదండ్రులు ఆచారమును విడుచుటకు బ్రతుకుతెరువును ఒక బలమైన కారణమయ్యెను.

ఇక నగరము మాట. పగలంతయు కుర్చీలో, రాత్రియు అమెరికా వేళలకు మేలుకొని కంప్యూటరు ముందు, ప్రయాణము క్యాబులో, కూరలు ఫోనుమీద తెప్పించుకొనుట. ఇట్టి జీవితమున రోకలియు బిందెయు మాయమై, దేహమునకు ఏ శ్రమయు మిగులలేదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 మంది అధికబరువు గలవారని తేలెను. ఆ సర్వేలోనే తెలంగాణ స్త్రీలలో సగముకన్న ఎక్కువమంది రక్తహీనతతో ఉన్నట్లును తేలెను. ఒకే దేహమున కొవ్వు హెచ్చి, సత్తువ తగ్గుట ఈ కాలపు విచిత్రమైన వ్యాధి. దానికి తెలుగువారు వెదకిన మందులన్నియు చాలకాలము వంటింటి చుట్టే తిరిగెను. ఉప్పునూనెలను విడువుమనిన మంతెన సత్యనారాయణరాజు ప్రకృతిచికిత్సకును, కొబ్బరినూనెయే ఆధారముగా అన్నమును మానుమనిన వీరమాచనేని రామకృష్ణ విధానమునకును ఊరూర అనుయాయులు ఏర్పడిరి. చెమటపట్టింపు యంత్రములతో, కదలు పట్టీలతో వారములో ఇన్ని కిలోలు తగ్గింతుమని ప్రకటించు కేంద్రములు వీధివీధిని వెలసెను. 2015లో వచ్చిన సైజ్ జీరో చిత్రమున అనుష్క శెట్టి స్వయముగా బరువు పెంచుకొని, ఇట్టి కేంద్రముల మోసమునే కథగా చూపెను. ఆ నడుమనే హైదరాబాదులో ఇద్దరు బిడ్డల తల్లియైన కిరణ్ డెంబ్లా, ఒళ్ళు తగ్గించుకొనుటకు జిమ్మునకు పోయి బరువులమీద మక్కువ పడి, 2013లో బుడాపెస్టులో జరిగిన ప్రపంచ బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్ళెను. ఒక గృహిణి ముప్పది దాటిన పిదప ఇనుము పట్టి ఇంత సాధింపగలదని నగరస్త్రీలు మొదటిసారి కన్నులార చూచిరి. సమంత వంటి నటీమణులు తాము బరువులెత్తు దృశ్యములను ప్రజలముందు ఉంచుట ఆ పిమ్మటి మాట.

బరువులవలన కొవ్వు ఎట్లు తగ్గునను ప్రశ్నకు శాస్త్రమిచ్చు సమాధానము సరళమైనది. తినుదానికన్న ఖర్చు ఎక్కువ కానిదే కొవ్వు కరగదు. ఆ నియమమును ఏ వ్యాయామమును తప్పింపజాలదు. కాని తిండి మాత్రమే తగ్గించిన దేహము కొవ్వుతోపాటు కండను కూడ కోల్పోవును. ముప్పదియేండ్లు దాటిన పిదప సాధన లేని దేహమున పదేండ్లకు నూటికి మూడు మొదలు ఎనిమిది వంతుల కండ తనంతటతానే తగ్గుననుట వైద్యులు చెప్పుమాట. ముట్లుడిగిన స్త్రీకి ఈస్ట్రోజెన్ తగ్గుటచే ఎముకయు పలుచబడును. బరువెత్తు కండయు, ఆ కండ లాగు ఎముకయు ఆ భారమునకు తగినట్లు గట్టిపడుట ప్రకృతిధర్మము. ఇక మగవానివలె కండలు ఉబ్బునను భయము. పురుషునకు అంతటి కండనిచ్చు టెస్టోస్టెరాన్ సాధారణముగా స్త్రీదేహమున అందులో పదియవవంతు కూడ ఉండదు కావున, వారమునకు మూడుదినములు సాధన చేయు గృహిణి ఆకృతిలో తీరును, నడకలో నిబ్బరమును పొందునేగాని మల్లుడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, నడక మొదలగువానితోపాటు కండలను దృఢపఱచు వ్యాయామమును వారమునకు కనీసము రెండుదినములు పెద్దలందఱును చేయవలెనని చెప్పెను. అందు స్త్రీపురుషభేదము లేదు.

నిజాంపేటను ఆనుకొనిన హైదరాబాదులోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి 1969లో ఆ పేరు పొందినది. అచ్చటి లెక్కప్రకారము పెద్దవారికి దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు దినమునకు కావలెను. అనగా అరువది కిలోల స్త్రీకి ఇంచుమించు 50 గ్రాములు. ఒక గ్రుడ్డులో దొరకునది ఆఱు గ్రాములు. అన్నము కుప్పగా, పప్పు గరిటెడుగా, అందఱును తిన్న పిదప మిగిలినదే తనకుగా తిను ఇల్లాలు ఆ లెక్కను చేరుట కష్టము. ఈ కారణమున జిమ్ములో అడుగుపెట్టిన స్త్రీ మొదట మార్చుకొనునది తన విస్తరి. తనకు కూడ గ్రుడ్లు ఉడికించుకొనుట, పెరుగు, పప్పు, సెనగలు, చేపలు తన వంతునకు నిండుగా వడ్డించుకొనుట చూచుటకు చిన్నపని. తెలుగింటి భోజనపుపంక్తిలో అది సామాన్యమైన మార్పు కాదు.

జిమ్ములో ఆమె నేర్చుకొను విద్యయు పూర్తిగా పరాయిది కాదు. స్క్వాట్ అనునది వస్తాదులు తీయించిన బస్కీయే, భుజములమీద రాడ్డు చేరినది. పుషప్ దండీయే. పోటీలలో స్త్రీల రాడ్డు 15 కిలోలు, పురుషులది 20 కిలోలు. స్త్రీల పిడికిటికి అమరునట్లు దాని మందము 25 మిల్లీమీటర్లే. ఎఱ్ఱ ప్లేటు 25, నీలము 20, పసుపు 15, పచ్చ 10 కిలోలు. మొదటి నెల ఒట్టి రాడ్డుతోనే నడుము నిలుపుట, మోకాలు లోనికి వాలనీయకుండుట నేర్చి, పిమ్మటనే ప్లేట్లు చేర్చుట సరియైన పద్ధతి. తొందరపెట్టు శిక్షకుని మానుటయు, గర్భిణులును, గుండెజబ్బు, వెన్నుపూస బాధ గలవారును వైద్యుని అడిగి మొదలిడుటయు వివేకము. 2020లో కరోనావలన జిమ్ములు మూతపడినపుడు నీళ్ళు నింపిన డబ్బాలతో, బియ్యపు సంచులతో ఇంటనే సాధన సాగించిన స్త్రీలను తలచినచో, ఈ అలవాటు అద్దముల గదికే పరిమితమైనది కాదని తెలియును.

ఇంత దూరము వచ్చిన ఈ దారి ఇంకను అందఱ గడపకు చేరలేదు. నిజాంపేటలో ఏ అపార్ట్‌మెంటు నేటికిని కట్టుచున్నారో అచ్చట ఇటుకలు మోయు పాలమూరు స్త్రీ, సిక్కోలు స్త్రీ, తన నెత్తిమీది బరువునకు కూలిని మాత్రమే పొందుచున్నది. తగిన తిండి, విశ్రాంతి, వైద్యము ఆమెకు అందినపుడే స్త్రీబలమును గురించి మనము పలుకు మాటలు నిండుదనము పొందును. మన ప్రభుత్వ బాలికల పాఠశాలలలోను, గురుకులములలోను ఒక గది, నాలుగు రాడ్లు, ఓర్పుగల ఒక ఉపాధ్యాయురాలు ఉన్నచో, ఆమదాలవలసలో ఒక తల్లి మొండితనముమీద ఆధారపడిన అవకాశము ప్రతి పిల్లకును హక్కుగా లభించును. వ్యాయామశాలలకు నెలసరి రుసుము కట్టలేని ఇల్లాండ్రకు పార్కులలో ఉచితశిక్షణ ఏర్పఱచుట నగరపాలకులకు భారమైన పని కాదు. స్త్రీ మోసిన బరువు వేల సంవత్సరములు ఇతరుల ఇండ్లను నిలిపెను. ఇప్పుడు అదే బరువుతో ఆమె తన ఎముకను, తన వెన్నును, తన వార్ధక్యమును నిలుపుకొనుచున్నది. దీనిని సోకు అనువారు చరిత్ర నెఱుగనివారు. నిజాంపేటలో నేడు రాడ్డు పట్టుచున్న ప్రతి స్త్రీయు సిక్కోలు పల్లెల పిల్లలు చెమటోడ్చి తెచ్చిన గౌరవమునకు వారసురాలు. ఆ గౌరవమును తన కూతురికే గాక తన ఇంట పనిచేయు అమ్మకును, ఆమె కూతురికిని అందింపవలసిన బాధ్యత కూడ ఆ వారసత్వములోనిదే.